పశువుల డాక్టర్ అంటే మిగిలిపోయిన సీటా?

మా అక్కవాళ్ళది దేవరకొండ దగ్గర పల్లె. వాళ్ళబ్బాయికి ఇంటర్ బైపీసీలో 58 శాతం వచ్చింది. "పశువుల డాక్టర్ చదువుత మామా" అన్నాడు. ఆ ముక్క ఆఫీసులో లంచ్ దగ్గర చెప్తే ఒకాయన నవ్వి, "మార్కులు రానోళ్ళకి పశువులేగా దిక్కు" అన్నాడు. మనిషి మంచివాడే. నా కోపమల్లా ఆ నవ్వు మీద.

అయ్యా, "60 పర్సెంట్ త్రూ అవుట్" అన్న ఉద్యోగ ప్రకటనలు చూసి తిట్టుకున్నది మనం కాదూ? కోడ్ రాయడానికి పదో తరగతి సోషల్ మార్కులెందుకురా అని హాస్టల్ గదుల్లో ఎన్ని వాదనలు చేశాం! ఉద్యోగం రాగానే ఆ గీత మనకి ముద్దొచ్చేసిందా?

నిబంధనల ప్రకారమైతే జనరల్ కోటాలో కూడా ఇంటర్లో 50 శాతం ఉంటే అర్హతే. మావాడిని ఆపేది ర్యాంకు. ఎంసెట్ రోజుల్లో ఎంబీబీఎస్‌కీ పశువైద్యానికీ ఒకటే పరీక్ష. ఇప్పుడు అఖిల భారత కోటా 15 శాతం సీట్లకి నీట్ ర్యాంకే చూస్తారు. అంటే మనుషుల డాక్టర్లని ఏరుకునే జల్లెడతోనే పశువుల డాక్టర్లనీ ఏరుతున్నారన్నమాట.

మావాడు అడ్డం తిరిగిన గొర్రెపిల్లని రాత్రిపూట చేత్తో సర్ది ఈనించాడు. తొలకరి పచ్చిక మేసిన మందలో చిటుక రోగం వస్తే ఎంత తొందరగా గొర్రెలు పడిపోతాయో కళ్ళారా చూశాడు. దీనికి ఏ పేపర్లో మార్కులున్నాయి? అమెరికాలో ఉన్న మీ మిత్రుల పిల్లల్ని అడగండి. అక్కడ చాలా వెటర్నరీ కాలేజీలు జీపీఏతో పాటు పశువుల దగ్గర ఎన్ని గంటలు పనిచేశావని అడుగుతాయి, పశువైద్యుడి దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరం తెమ్మంటాయి.

మార్కులే వద్దనడం లేదు నేను. ఐదున్నరేళ్ళ కోర్సు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. మందు మోతాదు లెక్క తప్పితే జీవాలు చస్తాయి. ఆ 50 శాతం గీత ఉండాల్సిందే. అది దాటినవాళ్ళని ఒక్కరోజు కొట్టంలో నిలబెట్టి చూడమంటున్నా, అంతే. ఆ పనికి కూడా కొన్ని మార్కులు వేయండి.

రైతుల పిల్లలకి కోటా ఉందిగా అంటారు. ఉంది. అది చూసేది పల్లెలో ఎన్నేళ్ళు చదివాడని, తల్లిదండ్రుల పేరున భూమి ఉందా అని. మా అక్కవాళ్ళకి మంద ఉంది, భూమి లేదు. మంద ఎవడు లెక్కపెడతాడు? ఇంకొకాయన మహబూబ్‌నగర్లో పాలిటెక్నిక్ ఉందిగా, అక్కడ వేయమన్నాడు. అది పదో తరగతి మీద రెండేళ్ళ డిప్లొమా. సహాయకుడు అవుతాడు గానీ డాక్టర్ అవడు.

ఇప్పుడు మావాడు హైదరాబాదులో లాంగ్ టర్మ్ కోచింగులో ఉన్నాడు. ఫీజు కోసం పదిహేను గొర్రెలమ్మారు. ఆ డబ్బుతో వాడు పొద్దున్నుంచి రాత్రిదాకా ఫిజిక్స్ బిట్లు చేస్తున్నాడు. వచ్చే ఏడు కూడా ర్యాంకు రాకపోతే ఇంకో పదిహేను అమ్మడానికి మందలో అన్ని లేవు.