బుల్లి ఇంజిన్ కీచుమంటుందెందుకు?

నీళ్లు తోడే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజిన్ చప్పుడు ఉయ్యాలవాడలాంటి పల్లెల్లో పెద్దవాళ్లకు కొత్తేం కాదు. పాత లిస్టర్ తరహా ఇంజిన్ నిమిషానికి 650 చుట్లు తిరిగేది. రెండు చుట్లకోసారి ఇంధనం భగ్గుమంటుంది. అంటే సెకనుకి ఐదు దెబ్బలు. చెవి పెడితే దేనికది తెలిసిపోతుంది.

మరి ఒళ్లో పెట్టుకునేంత ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ అయితే? విదేశాల్లో కొందరు సరదాకొద్దీ లేత్ మీద ఇలాంటివి తయారుచేస్తుంటారు. నిమిషానికి 10 వేల చుట్లు తిరిగితే సెకనుకి 660కి పైగా దెబ్బలు! విడివిడిగా వినిపించవు, అన్నీ కలిసి ఒకే కీచు స్వరమైపోతాయి. పెద్ద కారులా గుర్రుమనమంటే ఎలా?

పోనీ మెల్లగా తిప్పుదామా అంటే బలం చాలదు. సైజు సగం చేస్తే సిలిండర్లో చోటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, గోడల వైశాల్యం మాత్రం నాలుగో వంతు మిగులుతుంది. పుట్టిన వేడిని ఆ గోడలే తాగేస్తాయి. వేగం పెంచడమొకటే దారి.

పందేల కోసం హోండా చేసిందీ అదే. దాని 250 సీసీ ఆర్‌సీ166 బైక్‌కి ఆరు సిలిండర్లు. ఒక్కోటీ 41 సీసీ... అర గ్లాసు టీ పట్టేంత! నిమిషానికి 18 వేల చుట్లు, సెకనుకి 900 దెబ్బలు. మైక్ హెయిల్‌వుడ్ దాని మీదే 1966, 67ల్లో ప్రపంచ ఛాంపియనయ్యాడు. వేగం తగ్గితే మాత్రం నీరసపడేది. అందుకే ఏడు గేర్లు పెట్టారు.