గురకను గాఢనిద్ర యనుకొనరాదు

మన యిండ్లలో బిడ్డ గురకపెట్టి నిద్రించినచో ‘ఆడి యలసి హాయిగా నిద్రపోవుచున్నాడు’ అని పెద్దలు సంతోషింతురు. నోరు తెరచి నిద్రించినచో ‘తండ్రి పోలిక’ అని నవ్వి యూరకుందురు. మాట ఆలస్యమైనచో మాత్రము వెంటనే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాతురు. ఈ మూడింటిలో మనము తొందరపడుచున్నది చివరిదానికి; తొందరపడవలసినది మొదటి రెండింటికని మా యభిప్రాయము.

నాలుక అడుగును నోటి క్రిందిభాగముతో కలుపు సన్నని పొర అందరికిని ఉండును. కొందరు శిశువులకు అది పుట్టుకతోనే పొట్టిగానో, మందముగానో, నాలుక కొనవరకు వ్యాపించియో యుండును. అట్టి బిడ్డ నాలుక చాపబోయినచో కొన నడుమ నొక్కుపడి కనిపించును. నాలుక కట్టుబడి యుండుట యన్న నిదియే. శిశువు పాలు కుడుచుటకు కష్టపడుట, తల్లి చనుమొనలు పుండ్లుపడుట దీనివలన కలుగవచ్చును.

దీనికిని నిద్రకును సంబంధమేమని కొందరు అడుగవచ్చును. పెదవులు మూసికొని ముక్కుతో గాలి పీల్చునప్పుడు నాలుక అంగిటికి ఆనియుండును. పెరుగు వయస్సులో పైదవడ వెడల్పగుటకు ఈ యానిక తోడ్పడునని పలువురు వైద్యుల యభిప్రాయము. నాలుక లేవలేక క్రిందనే పడియున్నచో అంగిలి ఇరుకుగా, ఎత్తుగా పెరుగవచ్చును. అంగిటిపైననే ముక్కుదారి యున్నది గనుక అదియు ఇరుకగును. బిడ్డ నోటితో ఊపిరి పీల్చుట కలవాటుపడును. నిద్రలో కండరములు సడలగా గొంతుదారి మరింత సన్నగిల్లి గురక వచ్చును. ఒక్కొక్కప్పుడు ఊపిరి కొన్ని క్షణములు ఆగిపోవును. నిద్రావైద్యమున ప్రసిద్ధుడైన క్రిస్టియన్ గియోమినో, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన పరిశీలనలో ఇట్టి పిల్లలయందు పొట్టి నాలుకపొర తరచుగా కనిపించినట్లు వ్రాసిరి.

అయినను ఇంతమాత్రమున గురకపెట్టు ప్రతి బిడ్డ నాలుక క్రిందను కత్తెర పెట్టించుట తగదు. పిల్లలకు నిద్రలో ఊపిరి అడ్డుపడుటకు ఎక్కువగా కారణమగునవి గొంతులోని టాన్సిల్సును, ముక్కు వెనుకనుండు అడినాయిడ్లును పెరుగుటయే. స్థూలకాయము, ముక్కు అలర్జీ కూడ కారణములు కావచ్చును. నాలుకపొరను కత్తిరించినంతనే గురక మానునని నిరూపించు గట్టి ఆధారములు ఇంకను లేవు. కావున ముందు చెవి, ముక్కు, గొంతు వైద్యుని పరీక్ష, అవసరమైనచో నిద్ర పరీక్ష. కత్తెర మాట ఆ తరువాత.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మనకు మరియొక చిక్కు కలదు. బిడ్డ చదువులో మందగించినచో ‘ఇంట తెలుగు మానుడు, రెండు భాషలతో గందరగోళపడుచున్నాడు’ అని సలహా యిచ్చువారు కలరు. రెండు భాషలు వినుట మాటలోపములకు కారణము కాదు. రాత్రి నిద్ర చెడిన బిడ్డ పగలు తూగుటకు బదులు చిరాకుపడును, నిలకడ లేక తిరుగును, పాఠముపై మనసు నిలుపలేడు. ఆ నేరమును తల్లిభాషపై మోపి, గొంతును వైద్యునికి చూపకుండుట బిడ్డకును భాషకును అన్యాయము.

తల్లిదండ్రులు చేయవలసినది కష్టమైనది కాదు. జలుబు లేని దినములలో కొన్ని రాత్రులు బిడ్డ నిద్రను గమనింపుడు. గురక వారమునకు మూడు రాత్రులకు తక్కువ కాకుండ వచ్చుచున్నదా? ఊపిరి ఆగి, ఉలికిపడి మరల పీల్చుచున్నాడా? మెడ వెనుకకు వాల్చి, చెమటలు పట్టి నిద్రించుచున్నాడా? మానిన పక్కతడుపు మరల మొదలైనదా? ఆ నిద్రను ఫోనులో చిత్రించి వైద్యునికి చూపుడు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చు వైద్యబృందమునకు కూడ ఈ సంగతి తెలుపుడు. తమిళమున కురట్టై యనినను, కన్నడమున గొరకె యనినను, మరాఠీలో ఘోరణే యనినను, ఒడియాలో ఘుంగుడి యనినను చెప్పవలసినది ఒక్కటే: బిడ్డ నిద్రలో ఊపిరికి తడుముకొనుచున్నాడు.

అడుగనిదే వైద్యునికి ఇది తెలియదు. పగటివేళ పరీక్షించు వైద్యుడు రాత్రి గురకను వినలేడు. విన్నవారము మనమే చెప్పవలెను.