పద్దు మన చేతికి రావాలి

సాలూరు, పాచిపెంట, మక్కువ కొండల నుంచి దిగొచ్చి డిగ్రీ చదువుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ నాలుగు మాటలు.

బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో చేరామనో, బీఎస్సీ కెమిస్ట్రీలో చేరామనో చెబితే ఊళ్ళో ముందు అడిగే మాట ఒకటే: "దానికి ఏ ఉద్యోగం వస్తాది?" ఆ అడగడంలో తప్పు లేదు. ఏజెన్సీలో చదువుకున్నోళ్ళకి ఇన్నాళ్ళూ కళ్ళముందు కనబడిన దారి టీచరు ఉద్యోగం. షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ హక్కు కోసం కొట్లాడాల్సిందే. కానీ ఒక్క డీఎస్సీ కోసమే చూస్తూ కూర్చుంటే, ఇప్పుడు చదువుతున్న చదువు విలువ మనకే తెలీకుండా పోతాది.

అకౌంట్స్, కంప్యూటర్, కెమిస్ట్రీ పట్నంలో జీతానికి ఎంత పనికొస్తాయో, మన ఊరి సొమ్ము కాపాడుకోడానికీ అంతే పనికొస్తాయి. అలా పనికొచ్చేలా నేర్పమని కాలేజీని అడిగే హక్కు మీకుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మన పెద్దల భూములు ఎలా పోయాయో ఇంట్లో ముసలోళ్ళని అడగండి. చాలావరకు షావుకారి పద్దు పుస్తకంలోనే పోయాయి. ఎంత ఇచ్చాడో, ఎంత తీరిందో, వడ్డీ ఎంతయిందో రాసేవాడు అతనే, చదివేవాడూ అతనే. వేలిముద్ర మాత్రం మనది. 1960ల్లో శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు తిరగబడింది ఆ అప్పుల మీద, ఆ భూముల కోసమే. ఆ తర్వాత 1/70 చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గానీ, పద్దు రాసే పెన్ను మాత్రం మన చేతికి రాలేదు.

ఇప్పటి సంగతి చూద్దాం. చింతపండు, కొండచీపుళ్ళు, పసుపు, తేనె, కరక్కాయ మన కష్టం. కొనేది జీసీసీ కావచ్చు, సంతకొచ్చిన వ్యాపారి కావచ్చు. ఎవరు కొన్నా కాటా మనం చదవాలి, రసీదు మనం అడగాలి. చిన్న లెక్క చేసి చూడండి. ఊళ్ళో 40 ఇళ్ళు, ఇంటికి 50 కిలోల చింతపండు అనుకోండి. కాటాలో కిలోకి 100 గ్రాములు తేడా వస్తే ఇంటికి 5 కిలోలు, ఊరికి 200 కిలోలు పోయినట్టే. ఒక్క సీజన్‌లో, ఒక్క సరుకులో అంత! ఇది పట్టుకోడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కానీ ప్రతి ఇంటిదీ రాసిపెట్టి, ఏడాదికేడాది పోల్చి చూపించాలంటే ఒక కంప్యూటర్, ఎక్సెల్ తెలిసిన ఒక పిల్లో పిల్లాడో కావాలి.

వన్‌ధన్ కేంద్రాలు 2018లో మొదలయ్యాయి. ఒక్కో కేంద్రానికి సుమారు 300 మంది సభ్యులు, 15 లక్షల దాకా నిధి. ఆ నిధి ఎక్కడ ఖర్చయిందో, సరుకు ఎంతకి అమ్ముడయిందో సభ్యులైన అక్కలకి చదివి చెప్పేదెవరు? 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ నిధుల ఖర్చుకి గ్రామసభ ధ్రువీకరణ తప్పనిసరి. లెక్క అర్థం కాని సభ దేన్ని ధ్రువీకరిస్తాది? చెయ్యెత్తించి, వేలిముద్ర వేయించుకుని పోతారు. పాత షావుకారి పద్ధతే, కాగితం మారిందంతే.

కెమిస్ట్రీ సంగతీ అంతే. పసుపు ధర పలికేటప్పుడు పెద్ద కొనుగోలుదారు చూసేది అందులో కర్కుమిన్ ఎంతుందని. తేనెలో తేమ ఎంత, కరక్కాయలో టానిన్ ఎంత అన్నదాన్ని బట్టే బేరం. వాళ్ళ దగ్గర ల్యాబ్ ఉంది, మన దగ్గర లేదు. అందుకే వాళ్ళు చెప్పిందే నాణ్యత, వాళ్ళు చెప్పిందే రేటు.

ఇంకోపక్క మన కుర్రోళ్ళు పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకి పనికి పోతున్నారు. పొండి, వద్దనడం లేదు. కానీ తెలిసి పొండి. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో పేలుడు 17 మందిని పొట్టనపెట్టుకుంది. ఏ డ్రమ్ములో ఏముందో, దేని ఆవిరి అంటుకుంటాదో, ఏ గేజీ ఎంత దాటితే బయటికి పరిగెత్తాలో తెలిసినోడు తనని కాపాడుకుంటాడు, పక్కనోణ్ణీ కాపాడతాడు. కెమికల్ టెక్నాలజీ చదువులో భద్రత పాఠం చివరి పేజీలో ఉండకూడదు, మొదటి రోజే ఉండాలి.

మరి ఏం చెయ్యాలి?

ఒకటి, మీ కాలేజీలో అడగండి. ఈ సెమిస్టర్‌లో ట్యాలీ మీద నిజంగా ఎన్ని గంటలు కూర్చోబెట్టారు? ల్యాబ్‌లో ప్రయోగం మీ చేత్తో చేశారా, రికార్డు కాపీ కొట్టారా? సర్టిఫికెట్ ఉండి పని రాకపోతే ఇంటర్వ్యూలో అవమానపడేది మనమే.

రెండు, మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు. అందులో మొదటి ఏడాది అయ్యాక చేసేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. చాలామంది దాన్ని ఎవరిదో పాత రిపోర్టు చూసి నింపేస్తున్నారు. అలా చెయ్యకండి. కామర్స్ వాళ్ళు మీ ఊరి పొదుపు సంఘం పుస్తకాలు చూడండి, సంతలో తూకాలు రాయండి. కెమిస్ట్రీ వాళ్ళు ఊటనీళ్ళు, బోరునీళ్ళు పరీక్ష చెయ్యండి. మార్కులూ వస్తాయి, ఊరికీ మేలు జరుగుతాది.

మూడు, మనందరం కలిసి అడగాల్సింది. వన్‌ధన్ కేంద్రాల్లో, జీసీసీ డిపోల్లో లెక్కలు రాసే పని, నాణ్యత చూసే పని స్థానిక ఆదివాసీ డిగ్రీ పిల్లలకే ఇవ్వాలి. అటవీ హక్కుల చట్టం 2006 చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనదే అంది. యజమానికి తన సరుకు లెక్క తెలియకపోతే ఆ యాజమాన్యం కాగితం మీదే ఉండిపోతాది.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ! ఈసారి గ్రామసభలో ఖర్చుల కాగితం బల్ల మీద పెట్టినప్పుడు, దాన్ని తీసుకుని అమ్మానాన్నలకి కువిలోనో తెలుగులోనో అర్థమయ్యేలా చదివి వినిపించేది మీరే కావాలి. "ఈ పద్దు తేలలేదు, మళ్ళీ చూపించండి" అని నిలబడి అడిగేదీ మీరే కావాలి.

జై ఆదివాసీ!