కాపలాకుక్క చెవులు

పిల్లలూ, మీరు పక్కవీధిలోని స్నేహితుడికి సెల్‌ఫోను చేసినా, మీ మాట ముందు టవరుకు పోయి, అక్కడినుంచి అతనికి చేరుతుంది. టవరు పడిపోతే? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నంలో ఎన్నో ఫోన్లు మూగబోయాయి.

టవరుతో పని లేని పద్ధతి ఒకటి ఉంది. ఇల్లు అంటుకున్నప్పుడు జనం నూతినుంచి వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చి అందిస్తారే, అట్లా రేడియో యంత్రాలు వార్తను ఒకదానికొకటి అందించుకుంటాయి. దీన్ని అడ్‌హాక్ నెట్‌వర్క్ అంటారు.

అయితే వరసలో ఒకడు బిందె వదిలేస్తే? యంత్రాల్లోనూ అలాటివి ఉంటాయి. పరాయి వార్తకు తన బ్యాటరీ ఎందుకు దండగ అని ఒక యంత్రం, అందిస్తానంటూనే వార్తను జారవిడుస్తుంది. (యంత్రానికి ఆ బుద్ధి ఎక్కడిదంటారా? దాన్ని అట్లా అమర్చిన మనిషిది!) కొన్ని, పాపం, చెడిపోయి జారవిడుస్తాయి.

మరి దాన్ని పట్టుకునేదెట్లా? 2000లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు నలుగురు ఒక ఉపాయం చెప్పారు. మూడు యంత్రాలకు రాజు, గంగ, సోము అని పేర్లు పెట్టుకుందాం. రాజు వార్తను గంగకిస్తే, గంగ సోముకివ్వాలి. రేడియో మాట ఒకవైపే పోదు. గంగ సోముతో చెప్పేది వెనకనున్న రాజుకూ వినపడుతుంది. గనక రాజు వార్త నకలు దాచుకుని చెవి ఒగ్గి ఉంటాడు. అదే వార్త గంగ నోట వినపడితే సరే. ఎంతసేపటికీ వినపడకపోతే గంగ పేరున ఒక తప్పు వేస్తాడు. తప్పులు హద్దు దాటితే, వార్త బయలుదేరిన చోటికి కబురు పోతుంది. ఈ ఉపాయం పేరు వాచ్‌డాగ్, అనగా కాపలాకుక్క.

ఒక్క తప్పుకే ఎందుకు వెలివేయరు? అక్కడే ఉంది చిక్కు. గంగ చెప్పే క్షణానే రాజు పక్కన ఇంకెవరో మాట్లాడితే రెండూ కలగాపులగమై రాజుకేమీ తెలియదు. తప్పు చేయని గంగమీద నింద! లేదా గంగ టక్కరిదైతే, దగ్గరున్న రాజుకు వినపడి, దూరాన ఉన్న సోముకు అందనంత సన్నగా గొణుగుతుంది. రాజు "ఆహా, అందించింది" అనుకుంటాడు. హద్దు తక్కువైతే మంచివాళ్లు చిక్కుతారు, ఎక్కువైతే టక్కరులు జారుకుంటారు.

స్టాన్‌ఫర్డ్ వారు 50 యంత్రాలను కంప్యూటరులోనే కల్పించి చూశారు. నూటికి 40 జారవిడిచేవే అయినా, ఈ కాపలాకు మంచి దారిని ఎంచే పద్ధతి జోడిస్తే, చేరే వార్తలు 17 శాతం పెరిగాయి.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. టక్కరిని దారినుంచి తప్పిస్తారు, అంతే. మోత తప్పిందని అది సంతోషిస్తుంది. దాని వార్తలను మాత్రం తక్కినవి మోస్తూనే ఉంటాయి! 2002లో స్విట్జర్లాండులో ఇద్దరు పరిశోధకులు కాన్ఫిడాంట్ అనే పద్ధతి చెప్పారు. దాని ప్రకారం యంత్రాలు టక్కరిని గురించి ఒకదాన్నొకటి హెచ్చరించుకుని, దాని వార్తలు మోయటం మానేస్తాయి.

అయితే ఆ హెచ్చరికే అబద్ధమైతే? అందుచేత, హెచ్చరిక తెచ్చిన యంత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో కూడా లెక్క కట్టవలసి వచ్చింది.