కారుకి సూపర్‌ఛార్జర్: లెక్క వేశాక నేనెందుకు ఆగిపోయానంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్ ఛార్జర్ గురించి కాదు. టెస్లా ఛార్జింగ్ స్టేషన్ గురించి కూడా కాదు. కారు ఇంజిన్ మామూలుగా పీల్చుకునే దానికంటే ఎక్కువ గాలిని నొక్కి లోపలికి పంపే మెషీన్ ఒకటుంది. దాని పేరు కూడా సూపర్‌ఛార్జరే. ఈ ఏడాది నా బోనస్ దాదాపుగా దానికే పోయేది.

మా ఇంట్లో ఉన్నది 1.2 లీటర్ల పెట్రోల్ స్విఫ్ట్. 83 హార్స్‌పవర్. స్విఫ్ట్ స్పోర్ట్ మోడల్ మన దేశంలో అమ్మలేదు కాబట్టి, నాలాంటి వాళ్లకి ఇదే స్పోర్ట్స్ కార్. డల్లాస్‌లో ఉన్న నా బీటెక్ క్లాస్‌మేట్ తన మాజ్డా మియాటాకి సూపర్‌ఛార్జర్ పెట్టించుకుని వీడియో పంపాడు. రెండు సీట్ల బుల్లి కారు, ఆ సౌండ్ వింటే నిద్ర పట్టలేదు. మనం కూడా ఎందుకు పెట్టించకూడదు అనిపించింది. బెంజ్ సర్కిల్ దాటితే ఆటోనగర్. అక్కడ దొరకని మెకానిక్ ఉంటాడా?

ఉంటాడో లేదో తర్వాత చెప్తా. ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

పెట్రోల్ ఎంత కాలాలన్నా దానికి తగ్గ గాలి కావాలి. టర్బో అయితే సైలెన్సర్ వైపు వెళ్లే పొగ వేగంతో తిరుగుతుంది. సూపర్‌ఛార్జర్ ఇంజిన్‌కే బెల్ట్‌తో కట్టి ఉంటుంది. అందుకే యాక్సిలరేటర్ తొక్కగానే రెస్పాన్స్ వస్తుంది, టర్బోలో ఉండే ల్యాగ్ ఉండదు. పాత బెంజ్ కార్ల వెనక 'కాంప్రెసర్' అని బ్యాడ్జ్ చూసే ఉంటారు. జర్మన్‌లో సూపర్‌ఛార్జర్‌కి వాళ్లు వాడిన మాట అదే. 1996లో వచ్చిన ఎస్ఎల్‌కే 230 అనే చిన్న స్పోర్ట్స్ కార్‌కి కంపెనీయే పెట్టి ఇచ్చింది.

ఐదు వేల రూపాయల ఫ్యాన్ కథ

ఆన్‌లైన్‌లో వెతికితే మొదట కనపడేది 'ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్'. ఎయిర్ ఫిల్టర్ పైపులో పెట్టుకునే చిన్న ఫ్యాన్. నాలుగైదు వేలు, నాలుగున్నర స్టార్ల రేటింగ్. కార్ట్‌లో వేసేశా కూడా. కొనే ముందు కాగితం మీద లెక్క వేశా.

1.2 లీటర్ల ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3600 లీటర్ల గాలి మింగుతుంది. అంటే సెకనుకి 60 లీటర్లు. దీని మీద 6 పీఎస్ఐ అదనపు ప్రెజర్ తేవాలంటే, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 60 శాతం అనుకుంటే, సుమారు 5 కిలోవాట్ల పవర్ కావాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 400 ఆంపియర్లు పైనే. చిన్న కార్లలో ఆల్టర్నేటర్ ఇచ్చేది వంద ఆంపియర్ల లోపే! ఆడి ఎస్‌క్యూ7లో నిజమైన ఎలక్ట్రిక్ కంప్రెసర్ ఉంది. దానికి 7 కిలోవాట్ల మోటార్, ప్రత్యేకంగా 48 వోల్టుల సిస్టమ్ పెట్టారు. కాబట్టి ఆ ఐదు వేల ఫ్యాన్ చేసే పని ఒక్కటే, ఇంజిన్ పీల్చే గాలికి అడ్డం పడటం. కొనకండి. రేటింగ్ ఎన్ని స్టార్లున్నా కొనకండి.

అసలు సూపర్‌ఛార్జర్ అయితే?

సరే, బెల్ట్‌తో నడిచే నిజమైనదే తెప్పించుకుందాం అనుకున్నా. ఇక్కడే మన విజయవాడ అడ్డొచ్చింది.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టేప్పుడు కింద పట్టుకుని చూడండి, తెలుస్తుంది. మే నెలలో మనకి 42 డిగ్రీలు కొత్త కాదు. ఆ గాలిని 6 పీఎస్ఐ నొక్కితే, పైన చెప్పిన ఎఫిషియెన్సీతో, అది 95 డిగ్రీల దాకా వెళ్తుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది. అందుకే ప్రెజర్ 40 శాతం పెరిగినా, నిజంగా లోపలికి వెళ్లే గాలి పెరిగేది 20 శాతమే. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 60 డిగ్రీలకి దించగలిగితే 32 శాతం దాకా వస్తుంది. పైగా సూపర్‌ఛార్జర్‌ని తిప్పడానికి ఇంజిన్ తన పవర్‌లోంచే ఏడు హార్స్‌పవర్ దాకా ఇచ్చుకోవాలి.

మనం ఫోన్ రివ్యూల్లో రోజూ మాట్లాడుకునేది ఇదే కదా. మొదటి బెంచ్‌మార్క్ స్కోర్ అదిరిపోతుంది, అరగంట గేమ్ ఆడితే థ్రాట్లింగ్ మొదలవుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని, కదలకుండా నిలబడిన కారులో ఇంటర్‌కూలర్‌కి గాలి ఎక్కడినుంచి తగులుతుంది?

ఫోన్‌కీ కారుకీ ఒక పెద్ద తేడా ఉంది. ఫోన్ వేడెక్కితే స్లో అవుతుంది, చల్లారాక మామూలే. ఇంజిన్‌లో అంత వేడి గాలి వెళ్తే పెట్రోల్ టైమ్ కాకముందే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. నాక్ సెన్సర్ కొంతవరకు కాపాడుతుంది. దాని వల్ల కాకపోతే పిస్టన్ పోతుంది. కస్టమ్ రామ్ తేడా కొట్టి ఫోన్ బూట్ అవ్వకపోతే మళ్లీ ఫ్లాష్ చేసుకోవచ్చు. పిస్టన్‌ని ఫ్లాష్ చెయ్యలేం.

ఆటోనగర్ బాబాయ్ అడిగిన ప్రశ్న

ఇంత తెలిసినా ఆశ చావలేదు. మా కారు చూసే మెకానిక్ దగ్గరికి వెళ్లా. పాతికేళ్లుగా ఇంజిన్లు విప్పుతున్న మనిషి. మొత్తం విని ఒకటే మాటన్నాడు: "బాబూ, గాలి ఎక్కించడం ఎంతసేపు? బ్రాకెట్ చేయించి బెల్ట్ తగిలించేస్తా. ఆ గాలికి తగ్గ పెట్రోల్ ఎవరు పోస్తారు? కంప్యూటర్ పని నీదేగా, నువ్వు రాస్తావా?"

నేను రాసేది జావా. ఈసీయూ మ్యాప్ కాదు.

ఆయన పట్టుకున్న పాయింట్ కరెక్ట్. గాలి 30 శాతం పెరిగితే పెట్రోల్ కూడా అంతే పెరగాలి. పెద్ద ఇంజెక్టర్లు కావాలేమో చూడాలి, స్పార్క్ టైమింగ్ మార్చాలి, ప్రతి ఆర్‌పీఎం దగ్గరా డైనో మీద చెక్ చెయ్యాలి. డల్లాస్ వాడు కొన్నది ఒక్క కంప్రెసర్ కాదు. ఇంటర్‌కూలర్, ఇంజెక్టర్లు, ఆ మోడల్‌కే చేసిన ట్యూన్, అన్నీ ఒకే కిట్‌లో వచ్చాయి. వాడి ఇంజిన్ కంప్రెషన్ రేషియో ముందే 13:1. ఆ ట్యూన్ సరిగ్గా లేకపోతే అదీ నిలబడదు. మన స్విఫ్ట్‌కి అలా పరీక్షించిన కిట్ నాకెక్కడా దొరకలేదు. అంటే టెస్టింగ్ చెయ్యాల్సింది నేనే, అదీ మా నాన్న కారు మీద.

నాన్న అడిగిన ప్రశ్న

ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంది. సంగతి చెప్తే ఆయన హార్స్‌పవర్ గురించి అడగలేదు. "రేపు రోడ్డు మీద ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందా?" అన్నారు.

అప్పుడు చట్టం చదివా. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది: అనుమతి లేకుండా మారిస్తే ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 రూపాయల ఫైన్, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఓనర్‌కి అంటే నాకు కాదు, నాన్నకి. చెప్పకుండా ఇంజిన్ మార్చిన బండికి క్లెయిమ్ ఇవ్వమని కంపెనీ అంటే, మన దగ్గర సమాధానం ఉండదు.

ఇక్కడే నాకు కోపం కూడా వచ్చింది. ఇదే చట్టం సీఎన్‌జీ కిట్‌కి దారి ఇచ్చింది. కిట్‌ని ముందు పరీక్షించి అప్రూవ్ చేస్తారు, పెట్టించాక ఆర్‌సీలో ఎక్కిస్తారు, ఇన్సూరెన్స్‌కి చెప్తాం, అయిపోయింది. అమెరికాలో కాలిఫోర్నియా పొల్యూషన్ బోర్డు కూడా పవర్ కిట్లని ఇలాగే పరీక్షించి, పాసైన వాటికి ఆర్డర్ నంబర్ ఇస్తుంది. గ్యాస్ కిట్‌కి ఉన్న దారి మనదేశంలో పవర్ కిట్‌కి ఎందుకు ఉండకూడదు? దారి లేకపోతే మోడిఫికేషన్లు ఆగవు, చాటుగా జరుగుతాయి. చాటుగా జరిగిన పనికి గ్యారంటీ ఇచ్చేవాడు ఉండడు.

నా వెర్డిక్ట్

ఆ దారి వచ్చేవరకు రోడ్డు మీద తిరిగే కారుకి సూపర్‌ఛార్జర్ పెట్టించొద్దు. భయంతో చెప్పట్లేదు, లెక్క చూసి చెప్తున్నా. సూపర్‌ఛార్జర్ అనేది ఒక పార్ట్ కాదు, ఒక సిస్టమ్. కూలింగ్, పెట్రోల్, ట్యూనింగ్, కాగితాలు, ఈ నాలుగూ కొనలేనప్పుడు కంప్రెసర్ ఒక్కటి కొనడం అంటే, ఛార్జింగ్ సర్క్యూట్ మార్చకుండా ఫోన్‌లో పెద్ద బ్యాటరీ ఇరికించడం లాంటిది.

నేను ఏం చేశానంటారా? బోనస్‌లో కొంత పెట్టి నాలుగు మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు వేయించా. మిగిలింది పక్కన పెట్టా, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద ఒక రోజు నడపడానికి. 83 హార్స్‌పవర్ మొత్తం వాడటం నాకు ఇంకా రాదని అక్కడ తేలుతుందని నా అనుమానం. అది తేలాక, మిగతా పవర్ సంగతి మాట్లాడుకుందాం.