ఏఐ ఎక్స్‌రేలో ‘అనుమానం’ అని వస్తే టీబీ ఉన్నట్టేనా?

మీరు హైదరాబాద్‌లో ఉంటారు, అమ్మానాన్నలేమో ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెంలో. ఊళ్లో పెట్టిన టీబీ శిబిరంలో చిన్న యంత్రంతో ఎక్స్‌రే తీసి, నాన్నకు ‘అనుమానం ఉంది’ అన్నారనుకోండి. కంగారు పడకండి. అది చాలాచోట్ల ఏఐ సాఫ్ట్‌వేర్ చెప్పే మాట.

15 ఏళ్లు నిండినవారి ఎక్స్‌రేలను ఇలా చదివించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. అయితే అది వడపోత వరకే. జబ్బును తేల్చాల్సింది తెమడ పరీక్ష. మందులు రాయాల్సింది డాక్టరు. ఫోన్‌లో, వీడియోలో చూసే వైద్యానికీ ఇదే వర్తిస్తుంది: ఏఐ తనంతట తాను రోగికి సలహా ఇవ్వకూడదని, మందులు రాయకూడదని 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

మరి యంత్రం పొరబడితే బాధ్యత ఎవరిది? అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోగి సమ్మతి ఉండాలి, ఏఐ వద్దనే స్వేచ్ఛ ఉండాలి, మనిషి పర్యవేక్షణ ఉండాలి అని ఐసీఎంఆర్ 2023 మార్చిలో చెప్పింది. మంచి మాటలే. కానీ అవి మార్గదర్శకాలు, చట్టం కాదు. తప్పితే జరిమానా వేసే అధికారం వాటికి లేదు.

కాబట్టి ఎక్స్‌రేను ఏ డాక్టరు చూశారో అడగండి. ‘ఏమీ లేదు’ అని వచ్చినా దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించండి. సందేహముంటే టీబీ హెల్ప్‌లైన్ 1800-11-6666.