80 లక్షల కారు, కొనేది వెనుక సీటు: కొత్త ఈ-క్లాస్ ఎవరికి పనికొస్తుంది?

2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాక చిన్న కార్ల ధర తగ్గిందని అందరూ మాట్లాడుకున్నారు. పెద్ద కార్ల సంగతి అంతగా చర్చకు రాలేదు. నిజానికి లక్షల్లో చూస్తే ఎక్కువ తగ్గింది వాటికే. నాలుగు మీటర్లు దాటి, 1500 సీసీకి మించిన ఇంజిన్ ఉన్న సెడాన్ మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, పైన 20 శాతం సెస్, మొత్తం 48 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు సెస్ లేదు, మొత్తం కలిపి 40 శాతమే. అంటే షోరూంలో 80 లక్షలు పలికిన కారు అసలు ధర 54 లక్షల చిల్లర, మిగతాదంతా పన్నే. కొత్త లెక్కలో అదే కారు 75 లక్షల 70 వేల దగ్గర ఆగాలి. తేడా 4 లక్షల 30 వేలు. చాలామందికి ఈ తేడాతోనే ఒక చిన్న కారు వచ్చేస్తుంది.

టోలీచౌకి, బంజారాహిల్స్, విజయవాడ, కర్నూలు ఎక్కడ చూసినా వ్యాపారం బాగున్న ఇళ్లలో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఇళ్లలో ‘ఇప్పుడు తీసుకుంటే మంచిదా’ అన్న మాట అందుకే మొదలైంది. ఆ మాటల్లో ఎక్కువగా వినిపించే పేరు మెర్సిడెస్ బెంజ్ ఈ-క్లాస్. ఇండియాలో ఆ కంపెనీకి బాగా అమ్ముడుపోయే మోడల్ అదే.

దీని కొత్త తరం 2024 అక్టోబరులో ఇక్కడికి వచ్చింది. అప్పటి ఎక్స్ షోరూం ధరలు: పెట్రోల్ ఈ 200 కి 78.5 లక్షలు, డీజిల్ ఈ 220డి కి 81.5 లక్షలు, ఆరు సిలిండర్ల ఈ 450 కి 92.5 లక్షలు. తర్వాత ధరలు పెరిగాయి, జీఎస్టీ మారాక మళ్లీ తగ్గాయి. కాబట్టి నేటి ధర కొటేషన్‌లో చూసుకోవాల్సిందే. కారు తయారయ్యేది పుణె దగ్గర చాకణ్‌లో.

మన దగ్గర అమ్మేది మామూలు ఈ-క్లాస్ కాదు, పొడవు పెంచిన లాంగ్ వీల్‌బేస్ రకం. 2017లో మొదలైన పద్ధతి ఇది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 3,094 మిల్లీమీటర్లు, పాత తరం కంటే 15 ఎక్కువ. ఆ 15 మిల్లీమీటర్లు కూర్చున్నవాడికి తెలియవు గానీ పాత కారులోనే కాళ్లు చాపుకునేంత జాగా ఉండేది. కొత్తదాంట్లో వెనుక సీటు 36 డిగ్రీల దాకా వాలుతుంది, తొడల కింది భాగం ముందుకు జరుగుతుంది, వెనుక అద్దాలకు బ్లైండ్స్ ఉన్నాయి. పెట్టిన డబ్బులో పెద్ద వాటా అక్కడే ఉంది. స్టీరింగ్ పట్టుకుని సరదా పడాలనుకునే కుర్రాడికి ఈ కారు కాదు. డ్రైవరును పెట్టుకుని వెనుక కూర్చునే అబ్బాజాన్‌కీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మీకీ ఇది సరిపోతుంది.

బ్లైండ్స్ గురించి ఒక మాట. పర్దా పాటించే ఇళ్లలో అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించుకోవడం పాత అలవాటు. సుప్రీంకోర్టు 2012లోనే ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది, పోలీసులు చలానా రాస్తూనే ఉన్నారు. కంపెనీ ఇచ్చే బ్లైండ్స్‌తో ఆ తలనొప్పి తప్పుతుంది. అడిగి, నొక్కి చూసి తీసుకోవాలి.

అయితే మన ఇళ్లకు ఇందులో ఒక చిక్కుంది. అయిదుగురు కూర్చోవచ్చని కాగితం మీద ఉంటుంది, హాయిగా కూర్చునేది నలుగురే. ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకు వెళ్లే కారు కావడంతో వెనుక నేల మధ్యలో పెద్ద గుబ్బ ఉంటుంది. మధ్యలో కూర్చున్నవాళ్లు కాళ్లు అటూ ఇటూ వేసుకోవాలి. దాదీ, అమ్మా నాన్నా, ముగ్గురు పిల్లలు కలిసి వలీమాకు బయల్దేరే ఇల్లయితే ఈ కారు కొన్నాక కూడా వెనకాల ఇంకో బండి రావాలి. అలాంటి ఇంటికి ఇన్నోవా హైక్రాస్ సగానికి సగం కంటే తక్కువ ధరలో ఎక్కువ పని చేస్తుంది. అందులో దర్జా తక్కువే, కానీ అందరూ ఒకే బండిలో వెళ్తారు.

పొడవు ఇంకో సమస్య. కారు 5,092 మిల్లీమీటర్లు, అంటే 5 మీటర్లు దాటింది. చాలా అపార్ట్‌మెంట్లలో ఒక కారుకు గీసిన గీత 5 మీటర్ల దగ్గరే అయిపోతుంది. పాతబస్తీ గల్లీల మలుపులు, మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే. చక్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ బ్రేకర్ మీద కారు పొట్ట తగిలే ప్రమాదం పెరుగుతుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు టేపు తీసుకుని ఇంటి గేటు, పార్కింగ్ కొలుచుకుంటే పోయేదేమీ లేదు. టెస్ట్ డ్రైవ్ షోరూం ముందరి మెయిన్ రోడ్డు మీద కాదు, సొంత వీధిలో చేయాలి, అదీ వెనుక ముగ్గురిని కూర్చోబెట్టుకుని.

ఇంజిన్ విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఈ 200 పెట్రోల్ 204 హార్స్‌పవర్, సిటీలో తిరిగేవాళ్లకు చాలు. హైదరాబాద్ నుంచి విజయవాడకో కర్నూలుకో వారం వారం వెళ్లే వ్యాపారికి డీజిల్ నయం. 440 న్యూటన్ మీటర్ల టార్క్, హైవే మీద మంచి మైలేజీ. ఎదురుగా ఉన్న బీఎండబ్ల్యూ 5 సిరీస్ లాంగ్ వీల్‌బేస్ 2024 జులైలో 72.9 లక్షలకు వచ్చినప్పుడు ఒకే పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చింది. అది 258 హార్స్‌పవర్, నడపడానికి హుషారుగా ఉంటుంది. పొడవు 5,165 మిల్లీమీటర్లు, ఈ-క్లాస్ కంటే ఇంకా ఎక్కువ. నడిపేవాడు యజమానే అయితే బీఎండబ్ల్యూ, వెనుక కూర్చునేవాడైతే బెంజ్ అని తేల్చేయొచ్చు.

భద్రతలో ఈ-క్లాస్‌కు పేరుంది. యూరో ఎన్‌క్యాప్ పరీక్షల్లో 5 స్టార్లు వచ్చాయి. పరీక్షించింది యూరప్‌లో అమ్మే కారునని మాత్రం గుర్తుంచుకోవాలి. ఇక ముందు వైపు తెరలు, లైట్లు, పాటల హంగామా చాలా ఉంది. పిల్లలకు నచ్చుతుంది. నాలుగేళ్లకు పాతబడేదీ అదే.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. ఎక్స్ షోరూం ధర చూసి బడ్జెట్ వేసుకుంటే దెబ్బతింటారు. తెలంగాణలో ఈ ధర కారుకు లైఫ్ ట్యాక్స్ దాదాపు ఐదో వంతు. 75 లక్షల 70 వేల కారు మీద అదే 15 లక్షలు. 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ కూడా కట్టాలి. అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. చాలామంది అడగక వదిలేస్తున్నారు. ఇన్సూరెన్స్ కూడా కలిస్తే రోడ్డెక్కేసరికి 94 లక్షల చుట్టుపక్కల తేలుతుంది. జీఎస్టీలో మిగిలిన 4 లక్షల 30 వేలకు మూడున్నర రెట్లు లైఫ్ ట్యాక్స్‌కే పోతుందన్న మాట.

దీన్ని తప్పించుకోవడానికి పన్ను తక్కువ ఉన్న రాష్ట్రం నంబరుతో కారు తెచ్చిస్తామనే ఏజెంట్లు ఉన్నారు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సిందేనని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఆపితే పన్నూ కట్టాలి, జరిమానా వేరే.

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు ‘అక్కడ లెక్సస్ చవక, తెచ్చుకోవచ్చా’ అని అడుగుతుంటారు. కుదరదు. ఇండియాలోకి తెచ్చే పాత కారుకు స్టీరింగ్ కుడి వైపు ఉండాలి. సౌదీలో, దుబాయ్‌లో తిరిగేది ఎడమ వైపు స్టీరింగ్.

‘షాపు పేరు మీద తీసుకుంటే జీఎస్టీ వెనక్కి వస్తుంది’ అన్న మాట బజారులో బాగా తిరుగుతోంది. తప్పు. జీఎస్టీ చట్టం 17(5) ప్రకారం మామూలు వ్యాపారి ప్యాసింజర్ కారు మీద కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. కార్లు అమ్మేవాళ్లు, అద్దెకు నడిపేవాళ్లు, డ్రైవింగ్ స్కూలు వాళ్లకే ఆ వెసులుబాటు. ఆదాయపు పన్నులో ఏటా 15 శాతం తరుగు చూపించుకోవచ్చు. అది కూడా వ్యాపారానికి వాడినంత మేరకే, కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే. టర్నోవరు మీద 6 లేదా 8 శాతం అంచనా లాభం చూపించి రిటర్న్ వేసే చిన్న వ్యాపారులకు ఆ తరుగు విడిగా దొరకదు. మన మార్కెట్లలో ఎక్కువమంది వేసేది ఆ రిటర్నే.

పెద్ద ప్రశ్న అప్పుది. 60 లక్షల లోను, 9 శాతం వడ్డీ, అయిదేళ్లు అనుకుంటే నెలకు 1 లక్షా 24 వేల పైచిలుకు ఈఎంఐ. చివరికి వడ్డీ ఒక్కటే 14 లక్షల 70 వేలు. లెక్క ప్రకారమే ఇది భారం. సూద్‌కు దూరంగా ఉండాలనుకునే ఇంటికి దారే మూసుకుపోతుంది. వడ్డీ లేని పద్ధతిలో కారు ఇప్పించే ఇస్లామిక్ బ్యాంకు ఇండియాలో లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లేది లేదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పేసింది. ‘జీరో పర్సెంట్’ అని షోరూంలో చెప్పే పథకాల్లో కూడా నగదుగా ఇచ్చే డిస్కౌంట్ కోసేసి వడ్డీని అందులో కలిపే అవకాశం ఉంది. నగదు ధర ఎంత, ఆ పథకం ధర ఎంత అని రెండు కొటేషన్లు రాయించుకుంటే సంగతి బయటపడుతుంది. ఆ తర్వాత జాయెజా కాదా అన్నది ఆ కాగితం పట్టుకుని ఆలిమ్‌ను అడగాల్సిన మాట.

నగదు కూడబెట్టి కొనేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఇంటి వాడకానికి కొన్న కారు మీద జకాత్ లేదు. కానీ కారు కోసమని దాచిన 60 లక్షలు ఏడాది తిరిగేదాకా చేతిలో ఉంటే ఆ డబ్బు మీద జకాత్ ఉంది. రెండున్నర శాతం అంటే లక్షన్నర. ‘కారు కోసం పక్కన పెట్టాం కదా’ అని చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు.

అప్పు చేయకుండా పెద్ద సెడాన్ కావాలనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి టయోటా క్యామ్రీ. ఇదీ పూర్తిగా మారిన కారే, 2024 డిసెంబరులో 48 లక్షలకు వచ్చింది. 2.5 లీటర్ల హైబ్రిడ్, 230 హార్స్‌పవర్, లీటరుకు 25.49 కిలోమీటర్లని కంపెనీ లెక్క. రోడ్డు మీద అంత రాకపోయినా సైజుకు చాలా ఎక్కువే. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. వెనుక సీటు ఈ-క్లాస్ అంత విశాలం కాదు. బ్యాడ్జి చూసి లేచి నిలబడే వాచ్‌మన్ కూడా ఉండడు. పదేళ్లు ఉంచుకునే ఇంటికి మాత్రం మొదట చూడాల్సింది ఇదే.

రెండోది పాత తరం ఈ-క్లాస్ సెకండ్ హ్యాండ్. ఇలాంటి సెడాన్ల విలువ మొదటి మూడు నాలుగేళ్లలో వేగంగా పడిపోతుంది. కొత్తది కొన్నవాడికి అది నష్టం, తర్వాత కొన్నవాడికి లాభం. 2021 తర్వాతి కారు, ఒకే యజమాని, కంపెనీ సర్వీసు రికార్డు పూర్తిగా ఉంటేనే ముట్టుకోవాలి. వారంటీ పొడిగింపు మిగిలి ఉందా, బదిలీ అవుతుందా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. వారంటీ దాటాక సస్పెన్షన్, ఎలక్ట్రానిక్స్ రిపేరు బిల్లు ఒక్కోసారి లక్షల్లో వస్తుంది. టైర్ల పక్క గోడల మీద ఉబ్బు ఉందేమో చూడాలి, మన గుంతలకు ముందు దెబ్బతినేవి అవే. డిక్కీ కూడా తెరవాలి. ఆ తరంలో స్పేర్ టైరు డిక్కీ నేల మీదే కూర్చుని సగం జాగా తినేస్తుంది. ఉమ్రాకు వెళ్లేవాళ్లను ఎయిర్‌పోర్టుకు దింపేటప్పుడు నాలుగు పెద్ద సూట్‌కేసులు అందులో పట్టవు. పై నుంచి జమ్‌జమ్ డబ్బాలతో తిరిగొచ్చినప్పుడు ఇంకో టాక్సీ మాట్లాడుకోవాలి.